మన ఇంటి కథలు, పొరుగింటి లిపిలో

సరిహద్దు జిల్లాల్లో తెలుగు ఇంట పుట్టి పొరుగు భాషలో చదువుకున్న మనలాంటివారికి ఒక చిత్రమైన అనుభవం ఉంటుంది. మన అవ్వ మాట తీరు, మన పెద్దల పేర్లు, మన ఇంటి అలకలు ఏదో ఒక కథలో ఎదురుపడతాయి. తీరా చూస్తే ఆ కథ తెలుగులో ఉండదు. అటువంటి కథలను గురించీ, వాటిని రాసినవారిని గురించీ నాకు తోచింది దాపరికం లేకుండా మీతో చెప్పుకోవాలని ఈ ప్రసంగం. విమర్శకుల కొలబద్దలు నా దగ్గర లేవు. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష మాట్లాడే పిల్లలకు పాఠం చెప్పుకునే పని నాది. ఈ కథలను నేను చదివింది కూడా ఆ కళ్లతోనే.

ముందుగా ఒక పల్లెను గురించి చెప్పాలి. తమిళనాడు దక్షిణాన కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్ అని ఒక ఊరుంది. చుట్టూ నల్లరేగడి. తమిళంలో దాన్ని కరిసల్ అంటారు. వాన కురిస్తే పత్తి, సజ్జ, మిరప, కురవకపోతే వలస. ఆ చిన్న ఊరిలో దాదాపు ఒకే ఈడువారు ఇద్దరు పుట్టారు. ఒకరు కు. అళగిరిసామి, మరొకరు కి. రాజనారాయణన్. ఇద్దరి ఇంటి మాటా తెలుగే. ఇద్దరూ స్నేహితులు. ఇద్దరికీ తమిళ రచనకే సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. అళగిరిసామికి ఆయన పోయిన 1970లోనే, మరణానంతరం, 'అన్బళిప్పు' కథల సంపుటానికి ఇచ్చారు. రాజనారాయణన్‌కు 1991లో 'గోపల్లపురత్తు మక్కళ్' నవలకు ఇచ్చారు. 2021 మే నెలలో రాజనారాయణన్ పుదుచ్చేరిలో కన్నుమూస్తే తమిళనాడు ప్రభుత్వం అధికార లాంఛనాలతో సాగనంపింది. తమిళులు ఆయనను కరిసల్ సాహిత్యానికి పెద్దదిక్కుగా చెప్పుకుంటారు. అది న్యాయమే.

మన పెద్దలు కొందరు ఈ సంగతి వినగానే ఒక నిట్టూర్పు విడుస్తారు. "మనవాడే, ఏం లాభం, అరవంలో రాసుకున్నాడు" అంటారు. ఈ మాట నాకు నచ్చదు. ఆ నల్లరేగడి పల్లెల్లో తెలుగు నోటికి వచ్చిన భాష, చేతికి వచ్చిన భాష కాదు. అక్షరాలు దిద్దించిన బడి తమిళం, కథ వేసే పత్రిక తమిళం, కథ చదివి ఉత్తరం రాసే పాఠకుడు తమిళం. నోటిలో ఉన్నదాన్ని చేతికి వచ్చిన లిపిలో పెట్టడం తప్పెలా అవుతుంది? పైగా రాజనారాయణన్ చేసిన పనిలో ఒక గడుసుతనం ఉంది. కాగితం మీది తమిళాన్ని పక్కకు నెట్టి, తన ప్రాంతం పలుకుబడిని కథకు ఎక్కించారు. ఆ ప్రాంతపు మాటలకు ఒక నిఘంటువు కూడా తయారు చేశారు. ఆయన కథల్లో మన మాటలు వచ్చినచోట తమిళ పాఠకుడు అర్థం అడుగుతాడు. మనకు ఆ అవసరం ఉండదు.

ఆయన కథల్లో నాకు అన్నిటికంటే దగ్గరైనది 'కదవు', అంటే తలుపు. పేదింటి పిల్లలు లక్ష్మి, శ్రీనివాసన్. వాళ్ల ఇంటి తలుపే వాళ్లకు బండి. ఊరి పిల్లలను ఎక్కించుకుని, టిక్కెట్టు పెట్టి, ముందుకూ వెనక్కూ ఊపి ఆడుకుంటారు. దాని మీద అగ్గిపెట్టె బొమ్మ ఒకటి అంటిస్తారు. కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల ఊరు కదా, బొమ్మ అక్కడినుంచే వచ్చి ఉంటుంది. తండ్రి పనికోసం దూరం పోయాడు. తల్లి రంగమ్మాళ్ కూలికి పోతుంది. శిస్తు బాకీ కింద తలారి వచ్చి ఆ తలుపును ఊడబెరికి తీసుకుపోతాడు. చలికాలం, తలుపు లేని ఇల్లు, చంటిబిడ్డ. ఏం జరిగిందో మీరు ఊహించగలరు. ఎప్పటికో పిల్లలు ఆ తలుపును బడి దగ్గర ఒక మూల చెదలు పట్టి పడి ఉండగా చూసి, దాన్ని కౌగిలించుకుంటారు.

ఈ కథ బలమంతా దాని మౌనంలో ఉంది. ఇది తెలుగువాళ్ల ఇల్లు అని చాటింపు వేయడు. ప్రభుత్వాన్ని తిట్టడు. పిల్లలు తలుపును చూసుకుని సంతోషించడమొక్కటే రాస్తాడు. మన సరిహద్దు ప్రాంతాలనుంచి వచ్చే చాలా కథల్లో కన్నీళ్లు రచయితే కారుస్తాడు, మనకు మిగల్చడు. ఈయన ఆ పని చేయలేదు.

ఇక 'గోపల్ల గ్రామం' సంగతి. 1976లో వచ్చిన ఈ నవల మన వలస చరిత్రకు గొప్ప పుస్తకమని అందరూ అంటారు. దాని ఆరంభం నేను మరిచిపోలేను. నిండు చూలాలు దాహానికి చెరువులో దిగుతుంది. చెవుల నగల కోసం ఒక దొంగ ఆమెను నీటిలో ముంచుతాడు. ఆమె వాడి కాలి బొటనవేలును కొరికి పట్టి, ప్రాణం పోయినా విడవదు. ఆ తరవాత నూరేళ్లు దాటిన మంగత్తాయారమ్మ అనే అవ్వ తమవాళ్లు తెలుగుదేశం వదిలి ఎలా వచ్చారో చెబుతుంది. చెన్నాదేవి అనే అందగత్తె ఉందట. ఒక తురక రాజు ఆమెను అడిగాడట. మానం కాపాడుకోవడానికి ఊరంతా రాత్రికి రాత్రి దక్షిణానికి పరుగెత్తారట. దారిలో ఏరు అడ్డం వస్తే చెట్టు వంగి దాటించిందట.

ఇక్కడ నాకు ఒక అభ్యంతరం ఉంది. అది రచయిత మీద కాదు, చదివేవాళ్ల మీద. ఇది అవ్వ చెప్పిన కథ. రచయిత కూడా దీన్ని అవ్వ నోటనే చెప్పించాడు. మనవాళ్లు మాత్రం దీన్ని శాసనంలాగా పట్టుకుని, మన పూర్వులు ఇలాగే వచ్చారని సభల్లో చెబుతారు. ఇదే కథ, అదే అందగత్తె, అదే ఏరు, అదే వంగిన చెట్టు, దక్షిణాదిన వేరే తెలుగు కులాలవారి దగ్గర కూడా ఉన్నాయి. కంబళత్తు నాయకులు కూడా దీన్ని తమదిగానే చెప్పుకుంటారు. ఇన్ని కులాలకు ఒకే సంఘటన జరిగి ఉండదు. చరిత్ర చూస్తే సంగతి ఇంత రంగుల్లో లేదు. విజయనగరం పాలన దక్షిణానికి విస్తరించింది. 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడు మధురలో కుదురుకున్నాడు. పాళెగాళ్ల వ్యవస్థ ఏర్పడింది. సైన్యం వెంట సైనికులు, వాళ్ల వెంట చుట్టాలు, వాళ్ల వెంట రైతులు, వడ్లవాళ్లు, తోలుపని వాళ్లు వచ్చారు. తమిళ రైతు ఎక్కువగా చెరువు కింద మాగాణిని నమ్ముకున్నవాడు. మనవాళ్లకు నల్లరేగడి మెట్టసేద్యం అలవాటు. ఖాళీగా ఉన్న కరిసల్ నేల వాళ్లకు దొరికింది. అధికారం కోసం కొందరు, అన్నం కోసం చాలామంది వచ్చారు. 1799లో కయత్తారులో ఉరికంబమెక్కిన కట్టబొమ్మన్ పూర్వులు కూడా ఈ ప్రవాహంలో వచ్చినవారే.

దీన్ని ఇంత పట్టుదలగా చెప్పడానికి కారణం ఉంది. అవ్వ కథను చరిత్ర పాఠంగా చెబితే, తరగతిలో పక్క బెంచీ మీద కూర్చున్న ముస్లిం పిల్లవాడు నాలుగు వందల ఏళ్ల కిందటి ఎవరో రాజుకు జవాబు చెప్పుకోవలసి వస్తుంది. కథను కథగా చెబితే ఆ పిల్లవాడు కూడా చెట్టు వంగిందంటే నోరు తెరుచుకుని వింటాడు.

మరొక మాట కూడా దాచకుండా చెప్పాలి. ఈ నవల నడిచేది భూమి ఉన్నవారి అరుగుల మీద. తెలుగు మాట్లాడుతూ దక్షిణానికి వచ్చినవారిలో భూమి లేనివారూ ఉన్నారు. తమిళనాట అరుంధతీయుల ఇళ్లలో చాలాచోట్ల నేటికీ తెలుగే మాట. కపిలె బావులకు తోలు బాన కుట్టిన చేతులు వారివి. బాన లేకపోతే ఆ రెడ్డి, నాయుడు తోటలకు నీరెక్కడిది? తమిళనాడు ప్రభుత్వం 2009లో వారికి ప్రత్యేకంగా మూడు శాతం రిజర్వేషను ఇచ్చినప్పుడు పత్రికల్లో వారి పేరు వచ్చింది. వారి వలస కథ చెప్పే అవ్వ మాత్రం నేను చదివిన నవలల్లో కనిపించలేదు. మనం తెలుగువాళ్లం అని చెప్పుకునేటప్పుడు ఆ 'మనం'లో వారిని కలుపుకుంటున్నామా అన్న ప్రశ్న నన్ను వదలదు.

తెలుగులోనే రాసినవారి విషయానికి వద్దాం. బయట ఉండి తెలుగులో రాయలేమనే వారికి నేను బండారు అచ్చమాంబ పేరు చెబుతాను. భర్త ఉద్యోగరీత్యా మధ్యపరగణాల్లో, నాగపూరు వైపు జీవించిన ఆమె 1902లో 'ధనత్రయోదశి' కథ రాశారు. గురజాడ 'దిద్దుబాటు' 1910లో కానీ రాలేదు. తొలి కథ ఏదన్న వాదం పండితులకు వదిలేద్దాం. మహారాష్ట్రలో స్థిరపడిన మన శ్రోతలకు ఈ సంగతి గర్వంగానే ఉంటుంది.

మన కాలంలో స. వెం. రమేశ్ 'ప్రళయకావేరి కథలు' వచ్చాయి. పులికాట్ సరస్సుకు ప్రళయకావేరి అన్నది పాత పేరు. ఆ నీళ్ల మధ్య దీవుల్లో తాతా అవ్వల దగ్గర గడిపిన పిల్లవాడి కథలివి. చేపల పేర్లు, పిట్టల పేర్లు, ఆటల పేర్లు చదువుతుంటే నోరూరుతుంది. అయితే నిజం చెప్పాలి. కొన్నిచోట్ల మాటలు మనుషులను దాటి ముందుకొచ్చి నిలబడతాయి. పోతున్న మాటను పట్టుకోవాలన్న ఆత్రం నాకు అర్థమవుతుంది, నేనూ ఆ ఆత్రం ఉన్నదాన్నో ఉన్నవాణ్ణో మీకెందుకు! కానీ రాజనారాయణన్ తన మాటలకు నిఘంటువును వేరే పెట్టుకుని, కథలో తలుపునూ పిల్లలనూ మిగిల్చాడు. ఆ విడదీత మనవాళ్లు గమనించాలి.

యానాం రచయిత దాట్ల దేవదానం రాజు తన కథల పుస్తకానికి 'కళ్యాణపురం' అని పేరు పెట్టారు. పేరు శుభంగా ఉంది, వెనక ఉన్న సంగతి అంత శుభం కాదు. 1930లో బ్రిటిష్ ఇండియాలో శారదా చట్టం అమలుకు వచ్చి బాల్యవివాహాలు నేరమయ్యాయి. యానాం ఫ్రెంచివారిది, ఆ చట్టం అక్కడ లేదు. చుట్టుపక్కల జిల్లాలవారు పసిపిల్లలను తీసుకుని అక్కడికి పోయి పెళ్లిళ్లు చేశారు. ఊరికి ఆ పేరు అలా పడింది. తన ఊరికి తలవంపు తెచ్చే పేరును అట్ట మీద వేసుకున్న రచయితను నేను మెచ్చుకుంటాను.

తమిళనాట 2006లో వచ్చిన చట్టం వల్ల బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. తమిళం నేర్వవద్దని ఎవరూ అనరు. తెలుగు అక్షరం మాత్రం చాలామంది పిల్లల చేతికి అందకుండా పోతోంది. అందుకని నేను ఒక పని చేస్తుంటాను. 'కదవు' కథను తరగతిలో తమిళంలో చదివించి, ఇంటికి పోయి తెలుగులో చెప్పి రమ్మంటాను. మరునాడు ఇంట్లోవాళ్లు ఏమన్నారో అడుగుతాను. ఒకమారు ఒక పాప లేచి, మా అవ్వ కథంతా విని ఒకటే అడిగింది అని చెప్పింది.

"ఆ తలుపు తిరిగి ఇంటికి తెచ్చి పెట్టినారా లేదా?"

కథలో ఆ ముక్క లేదు. నేను ఆ పాపకు ఇంకా జవాబు చెప్పలేదు.