సముద్రం ఇచ్చిన గడువు

టెక్సస్ రాష్ట్రంలో, మాటగోర్డా అఖాతం ఒడ్డున, ఒంటరిగా ఒక గ్రానైట్ రాయి ఉంది. కాల్హౌన్ కౌంటీ కోర్టు భవనం ఒకప్పుడు ఎక్కడ నిలిచి ఉండేదో ఆ రాయి చెబుతుంది. ఆ చోటు ఇప్పుడు నేల మీద లేదు. ఒడ్డుకు కొంత దూరాన, అలల కింద ఉంది. కోర్టుకు ఎదురుగా సాగిన వీధులూ, వీధుల వెంట ఉన్న ఇళ్లూ, ఇళ్ల ముందు ఆడుకున్న పిల్లల అడుగుజాడలూ అన్నీ అటే పోయాయి. ఆ ఊరి పేరు ఇండియనోలా. 1875లో ఒక తుఫాను దాన్ని కూల్చింది. 1886లో మరో తుఫాను దాన్ని తుడిచేసింది. ముగింపు ఇంత స్పష్టంగా తెలిసిన కథ మళ్లీ చెప్పుకోవడం ఎందుకంటే, ఆ రెండు తుఫానుల నడుమ పదకొండేళ్లున్నాయి. కన్నీళ్లు పెట్టుకోవలసింది ఆ పదకొండేళ్ల గురించి.

ఆ ఊరు పుట్టడమే దుఃఖంలో పుట్టింది. 1844 చివర్లో జర్మనీ నుంచి వచ్చిన కుటుంబాలు ఆ ఇసుక మీద దిగాయి. టెక్సస్ లోపలి నేలల్లో పొలాలు చేసుకుందామని వచ్చినవాళ్లు వాళ్లు. 1846లో మెక్సికోతో యుద్ధం మొదలయ్యేసరికి బళ్లన్నీ సైన్యానికి పోయాయి. వెనకాల వచ్చినవాళ్లు ముందుకు పోయే దారి లేక, తీరం మీదే గుడారాల్లో వానకు తడుస్తూ, జ్వరాలతో రాలిపోయారు. వాళ్లను అక్కడే పూడ్చారు. ఆ మీదట, బతికినవాళ్లూ కొత్తగా వచ్చినవాళ్లూ కలిసి ఊరు కట్టారు.

ఊరు ఎదిగింది. మోర్గన్ కంపెనీ స్టీమర్లు వచ్చి ఆగే పొడవాటి రేవుకట్టలు నీళ్లలోకి సాగాయి. 1852 నుంచి అది కౌంటీకి ముఖ్యపట్టణం. 1856లో అమెరికా సైన్యం పశ్చిమాన ఎండిపోయిన దారుల కోసం తెప్పించిన ఒంటెలు ఈ రేవులోనే దిగాయి. చల్లబరిచిన గొడ్డుమాంసం 1869లో ఇక్కడి నుంచే ఓడకెక్కి న్యూ ఆర్లీన్స్ చేరింది. అంతర్యుద్ధంలో ఫిరంగి గుళ్లు పడ్డాయి, తర్వాత పచ్చజ్వరం వచ్చింది. ఊరు రెండింటినీ ఓర్చుకుని నిలబడింది. 1870ల మొదట్లో రైలు పట్టాలు విక్టోరియా వైపు, క్యూరో వైపు సాగాయి. అప్పటికి జనం ఐదువేల దాకా ఉన్నారు. టెక్సస్ రేవుల్లో గాల్వెస్టన్ తర్వాత ఇండియనోలాదే పేరు.

అయితే ఆ నేల సముద్రానికి కొద్ది అడుగుల ఎత్తునే ఉండేది. ముందు అఖాతం, వెనక ఉప్పునీటి సరస్సులు, మడుగులు. ఓడకు దగ్గరగా ఉండాలని ఎంచుకున్న చోటు అది. ఆ దగ్గరితనమే ఊరికి అన్నం పెట్టింది. ఊరి ప్రాణం తీసిందీ అదే.

1875 సెప్టెంబరు నడిమి రోజులు. ఒక హత్య కేసు విచారణ చూడడానికి చుట్టుపక్కల ఊళ్ల జనం వచ్చి ఇండియనోలాలో నిండి ఉన్నారు. 15వ తేదీన తూర్పు గాలి బలపడింది. ఇలాంటి గాలులు చూసినవే కదా అనుకున్నారు. 16వ తేదీకి వీధుల్లోకి నీళ్లొచ్చాయి. బయటపడదామనుకున్నవాళ్లకు అప్పటికే దారి లేదు. వెనకవైపు సరస్సులు కూడా పొంగి ఊరిని చుట్టేశాయి. గాలి వేగం కొలిచే పరికరం మధ్యలోనే ఎగిరిపోయింది. జైలు మునుగుతుంటే ఖైదీలను బయటికి వదిలారు. ఆల్చిప్పల కాంక్రీటుతో కట్టిన కోర్టు భవనంలోకి చేరినవాళ్లు చేరారు. మిగిలినవాళ్లు ఇళ్ల అటకల మీద, కప్పుల మీద రాత్రిని లెక్కపెట్టారు.

ఆ రాత్రి గాలి దిక్కు మారింది. కొందరు తుఫాను తగ్గుతోందని ఊపిరి పీల్చుకుని ఉంటారు. కానీ వెనక సరస్సుల్లో, మైదానంలో పేరుకున్న నీరంతా ఒక్కసారిగా సముద్రం వైపు తిరిగింది. ఊరి నడుమ కొత్త కాలవలు కోసుకుంటూ, ఇళ్లను వాటిలోని మనుషులతో సహా అఖాతంలోకి ఈడ్చుకుపోయింది. చనిపోయినవాళ్లు 150 మంది అని కొందరు, 300 మంది అని కొందరు చెప్పారు. తీరం వెంట మైళ్ల పొడవునా శవాలు కొట్టుకొచ్చాయి. దేవుడి పేరు చెప్పి సాయం అడుగుతూ బయటి ఊళ్లకు ఉత్తరాలు వెళ్లాయి.

మొదటి అవకాశం అక్కడే వచ్చింది. ఊరి పెద్దలకు బుద్ధి లేదని ఎవరూ అనలేరు. వాళ్లు చనిపోయినవాళ్లను తమ చేతులతో పూడ్చారు. ఊరిని ఎత్తయిన నేలకు తరలించుకుందామని వాళ్లే అన్నారు. కొద్ది మైళ్ల లోపల, సరస్సు ఎగువన, గట్టి నేల ఉంది. ఇళ్లు చెక్కవి, మళ్లీ కట్టుకోవలసినవే ఎక్కువ. పునాది ఎక్కడ వేసినా పడే శ్రమ ఒకటే. ఒక్క షరతు మాత్రం ఉంది: రేవూ పట్టాలూ వెంట రావాలి. అవి మోర్గన్ కంపెనీవి. కంపెనీ కదలడానికి సుముఖత చూపలేదు. ఓడ ఎక్కడ ఆగితే పని అక్కడ, పని ఎక్కడుంటే కూలి అక్కడ. ఇల్లు కదలడానికి సిద్ధపడింది, రేవు కదలనంది. చివరికి ఊరు రేవు మాటే విన్నది.

ఒక్కసారి ఆగి ఆలోచించండి. ఆ రోజు కౌంటీ అధికారులు కోర్టునైనా ముందు లోపలికి తీసుకుపోయి ఉంటే? కోర్టు వెంట వకీళ్లు, వకీళ్ల వెంట పూటకూళ్ల ఇళ్లు, వాటి వెంట అంగళ్లు నడిచి ఉండేవేమో. ఓడ దగ్గర పనివాళ్లు పగలు ఒడ్డుకు వచ్చి, రాత్రి ఎత్తయిన నేల మీద నిద్రపోయి ఉండేవాళ్లేమో. సాహసం కావలసిన పని కాదది. కొంత డబ్బు, కొంత పట్టుదల, ఒక సంతకం చాలేవి.

ఆ పదకొండేళ్లలో ఓర్చుకోలేనివాళ్లు క్యూరోకో విక్టోరియాకో వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు అదే ఇసుక మీద, కొంచెం చిన్నదిగా, ఊరిని మళ్లీ నిలబెట్టారు. పెళ్లిళ్లు చేశారు, పిల్లల్ని కన్నారు. ప్రతి వేసవీ ప్రశాంతంగా గడిచేకొద్దీ భయం పలచబడింది. తుఫాను అప్పుడెప్పుడో జరిగిన ముచ్చట అయింది. తరలింపు మాట వినబడడం తగ్గి, చివరికి ఆగిపోయింది. 1875 రాత్రి తర్వాత పుట్టిన పిల్లలకు పదేళ్లు నిండాయి.

1886 ఆగస్టు 20న సముద్రం తిరిగి వచ్చింది. ఈసారి నీళ్లతో పాటు నిప్పు కూడా ఉంది. వాతావరణ కార్యాలయం కూలుతుంటే లోపలి దీపం పడి మంట లేచింది. చివరి నిమిషం దాకా పరికరాల దగ్గరే ఉన్న పరిశీలకుడు అక్కడే ప్రాణం వదిలాడు. తుఫాను గాలి ఆ మంటను పట్టుకుని ఊరి నడిబొడ్డంతా తిప్పింది. కింద వరద, పైన మంట. ఎటు పారిపోవాలో తెలియని రాత్రి. తెల్లవారాక మిగిలిన ఇళ్లను జనం పలకలుగా విప్పి లోపలి ఊళ్లకు మోసుకుపోయారు. ఆ ఏడాదే కౌంటీ ముఖ్యపట్టణం పోర్ట్ లవాకాకు మారింది. పదకొండేళ్ల కింద కదలాల్సిన కోర్టు, కాపాడుకోవడానికి ఊరే లేనప్పుడు కదిలింది. 1887 అక్టోబరులో పోస్టాఫీసు మూసేశారు.

ఇక్కడితో ఆగినా ఈ కథకు చాలినంత శోకం ఉంది. కానీ అదే తీరాన, ఈశాన్యంగా వంద మైళ్లకు పైగా దూరంలో, గాల్వెస్టన్ ఈ మరణాన్ని కళ్లారా చూసింది. అదీ ఇసుక దీవే. దాని అత్యంత ఎత్తయిన చోటు తొమ్మిది అడుగులు కూడా లేదు. ఇండియనోలా పోయిన కొద్ది రోజులకే అక్కడి వ్యాపార ప్రముఖులు ప్రోగ్రెసివ్ అసోసియేషన్ పేరుతో సమావేశమై, సముద్రానికి అడ్డంగా గోడ కట్టాలని తీర్మానించారు. అప్పు బాండ్లు జారీ చేసుకోవడానికి రాష్ట్రం అనుమతి కూడా ఇచ్చింది. తీర్మానం ఉంది, అనుమతి ఉంది. పని మొదలు కాలేదు. ఆలస్యం వెంట ఆలస్యం వచ్చింది, నెలలు ఏళ్లయ్యాయి, ఆత్రుత చల్లారింది. 1890లో అమెరికా కాంగ్రెస్ ఆ రేవు లోతు పెంచడానికి 60 లక్షల డాలర్లకు పైగా ఇచ్చింది. ఓడల కోసం రాతికట్టలు సముద్రంలోకి సాగాయి. ఇళ్ల కోసం గోడ మాత్రం లేవలేదు. పైగా పల్లపు చోట్లు పూడ్చుకోవడానికి తీరంలోని ఇసుకదిబ్బలను కూడా తవ్వేసుకున్నారు.

1891లో అక్కడి వాతావరణ అధికారి ఐజక్ క్లైన్ పత్రికలో వ్యాసం రాశాడు. గాల్వెస్టన్‌కు తుఫాను వల్ల పెద్ద ముప్పు ఉంటుందనుకోవడం వట్టి భ్రమ అన్నది దాని సారాంశం. నమ్మదగిన మనిషి చెప్పిన మాట, జనం నమ్మారు. 1900 సెప్టెంబరు 8న పదిహేను అడుగులకు మించి ఉప్పెన దీవి మీదికి ఎక్కింది. దాదాపు 38 వేల మంది ఉన్న నగరంలో ఎనిమిది వేల మంది దాకా పోయారని అంచనా. ఒడ్డున ఉన్న సెయింట్ మేరీస్ అనాథాశ్రమంలో సిస్టర్లు పిల్లలు చెదిరిపోకుండా బట్టలారేసే తాడుతో తమ నడుములకు కట్టుకున్నారు. పదిమంది సిస్టర్లూ, తొంభై మంది పిల్లలూ అలాగే వెళ్లిపోయారు. ముగ్గురు పిల్లలే బతికారు. క్లైన్ తన గర్భవతి భార్యను ఆ రాత్రే పోగొట్టుకున్నాడు. శవాలను ఓడలో తీసుకుపోయి సముద్రంలో వదిలితే, అలలు వాటిని తిరిగి ఒడ్డుకే తెచ్చాయి.

ఆ తర్వాత అన్నీ జరిగాయి. 1901లో పాత నగర పాలక వ్యవస్థను మార్చి, ఒక్కొక్క శాఖకు ఒక్కొక్కరు జవాబుదారీగా ఉండే కమిషన్‌ను పెట్టారు. అమెరికాలో ఎన్నో ఊళ్లు ఆ పద్ధతిని అనుసరించాయి. గోడ ఎలా కట్టాలో చెప్పడానికి ముగ్గురు ఇంజనీర్లను పిలిచారు. వాళ్లలో ఒకరు హెన్రీ మార్టిన్ రాబర్ట్. సభల్లో చర్చ ఎలా నడవాలి, తీర్మానం ఎలా నెగ్గాలి అన్న నియమాల పుస్తకం రాసిన మనిషి ఆయనే. కౌంటీ 15 లక్షల డాలర్ల బాండ్లు జారీ చేస్తే, తుఫానులో మిగిలిన జనమే చాలావరకు కొన్నారు. 1902లో మొదలైన పని 1904కి అయింది: పదిహేడు అడుగుల ఎత్తు, మూడు మైళ్లకు పైగా పొడవు. ఇళ్లను, చర్చిలను జాకీలతో పైకి లేపి కింద ఇసుక నింపారు. 1915లో అంతటి తుఫానే మళ్లీ వచ్చినప్పుడు నగరంలో చనిపోయినవాళ్లు అతి కొద్దిమంది. గోడ పనిచేసింది. రెండేళ్లలో కట్టగలిగిన గోడ అది. 1886 తీర్మానానికీ 1900 ఉప్పెనకూ నడుమ పద్నాలుగేళ్లున్నాయి.

ఈ దుఃఖం మనకు పరాయిది కాదు. యానాం పక్కన కోరంగి ఉంది. ఒకప్పుడు ఓడలు కట్టిన, ఓడలు నింపిన రేవు అది. బర్మా వెళ్లిన తెలుగువాళ్లను ఆ దేశంలో కోరంగీలని పిలిచేంతటి పేరు దానిది. 1789 డిసెంబరులో మూడు అలలు వరసగా వచ్చి దాన్ని ముంచాయి. ఇరవై వేల మంది పోయారని చెబుతారు. యాభై ఏళ్ల తర్వాత, 1839 నవంబరులో, మళ్లీ ఉప్పెన వచ్చింది. ఆ తర్వాత ఆ రేవు పాత వైభవానికి ఎన్నడూ చేరలేదు. 1977 నవంబరు 19న ఉప్పెనలో దివిసీమ ఏమైందో మన ఇళ్లలో పెద్దవాళ్లకు ఇప్పటికీ గుర్తుంది. మన తీరం నిండా తుఫాను షెల్టర్లు లేచింది ఆ చావుల తర్వాతే.

ఈ ఊళ్లలో పెద్దలెవరూ దుర్మార్గులు కారు. వాళ్ల భార్యాపిల్లలూ ఆ ఒడ్డునే నిద్రపోయారు. తప్పు ఎక్కడంటే, రేవు అడిగిన ప్రతిసారీ డబ్బు దొరికింది, ఇల్లు అడిగినప్పుడు గడువు దొరికింది. నిర్ణయం వాయిదా వేసినప్పుడు ఏ నిర్ణయమూ జరగలేదని వాళ్లు అనుకున్నారు. నిజానికి ప్రతి వాయిదాతోనూ వాళ్లు ఆ ఇసుక మీదే ఉండాలని నిర్ణయించుకున్నారు. దాని ఖర్చు మాత్రం వాళ్ల పిల్లలు చెల్లించారు.

ఇచ్ఛాపురం నుంచి తడ దాకా తీరాన ఉన్న ఏ ఊళ్లో మీరున్నా, అక్కడి గ్రామసభకో మునిసిపల్ సమావేశానికో వెళ్లండి. కరకట్ట గురించి, మడ అడవి గురించి, ఇసుకదిబ్బ గురించి, షెల్టర్‌కు పోయే రోడ్డు గురించి ఇప్పటికే రాసి పెట్టిన తీర్మానం ఒకటి తప్పకుండా ఉంటుంది. దానికి డబ్బు ఎప్పుడు వస్తుందో, పని ఏ తేదీన మొదలవుతుందో, జవాబుదారీ ఎవరో అడగండి. తుఫాను లేని రోజున అడగండి.