ఇసుజు డి-మ్యాక్స్ వి-క్రాస్

ఇసుజు డి-మ్యాక్స్ వి-క్రాస్ తిరుపతి జిల్లా శ్రీసిటీలో తయారయ్యే నాలుగు తలుపుల పికప్ వాహనం. ముందు ఐదుగురు కూర్చునే క్యాబిన్, వెనక పైకప్పు లేని తొట్టి, డ్రైవరు కోరినప్పుడు నాలుగు చక్రాలనూ తిప్పే యంత్రాంగం దీని ప్రధాన లక్షణాలు. 2016లో మార్కెట్‌లోకి వచ్చింది. పెనుకొండలో కియా కార్ల ఉత్పత్తి మొదలవడానికి సుమారు మూడేళ్ల ముందు మాట ఇది. అయినా ఆంధ్రాలో తయారైన బండి అనగానే చాలామంది నోట వచ్చేది కియా పేరే. పికప్ అంటే సరుకు మోసేది, అద్దెకు తిరిగేది అన్న అభిప్రాయం మనలో అంత గట్టిగా పాతుకుపోయింది.

రోడ్డు లేనిచోట నడిచే శక్తిమంతమైన పికప్ అనే మాటకు దేశాన్ని బట్టి అర్థం మారుతుంది. అమెరికాలో ఆ మాటకు కొలబద్ద ఫోర్డ్ రాప్టర్. 1967లో మొదలైన బాహా 1000 ఎడారి పందేల స్ఫూర్తితో 2010 మోడల్‌గా వచ్చిన ఈ బండికి ఫాక్స్ కంపెనీ షాక్ అబ్జార్బర్లు బిగించారు. గుంతలు, దిబ్బల మీద వేగం తగ్గకుండా దూసుకుపోవడమే దాని పని. 2017లో దాని ఇంజన్ 450 హార్స్‌పవర్‌కు చేరింది. 2023లో వచ్చిన రాప్టర్ ఆర్‌ది 700. వి-క్రాస్ శక్తి మొదట్లో 136 పీఎస్ (దాదాపు అన్నే హార్స్‌పవర్) మాత్రమే. అంకెలు చూసి పెదవి విరిచేముందు నేలను కూడా చూడాలి. గోదావరి జిల్లాల్లో రోడ్డు దిగితే ఎదురయ్యేవి బురద, ఇసుక, ఏజెన్సీ ఏటవాలు. ఈ మూడింటిలోనూ వేగంతో పని లేదు. నిదానంగా, ఆగకుండా లాగే బలం కావాలి.

పుట్టుపూర్వోత్తరాలు

జపాన్‌లో ఇసే క్షేత్రం పక్కన పారే ఇసుజు నది పేరును ఈ కంపెనీ పెట్టుకుంది. మొదట 1934లో ఒక ట్రక్కుకు ఆ పేరు వచ్చింది, 1949లో కంపెనీయే ఇసుజు మోటార్స్ అయింది. పికప్‌ల తయారీ 1963 నాటి వాస్ప్‌తో మొదలై, 1972లో వచ్చిన ఫాస్టర్‌తో స్థిరపడింది. అమెరికాలో ఇదే బండి షెవర్లే లవ్ పేరుతో అమ్ముడైంది. డి-మ్యాక్స్ అనే పేరు 2002లో థాయ్‌లాండ్‌లో పుట్టింది. పికప్‌ను ఇంటి బండిగా వాడుకునే దేశం థాయ్‌లాండ్, ఇసుజుకు అది సొంతిల్లు లాంటిది. 2011 అక్టోబరులో అక్కడే విడుదలైన రెండో తరం డి-మ్యాక్స్ మన వి-క్రాస్‌కు మాతృక.

ఇసుజు ఇంజన్ మన రోడ్లకు అంతకుముందే పరిచయం. హిందుస్థాన్ మోటార్స్ వారి కాంటెస్సాలోనూ, 1990లలో వచ్చిన అంబాసిడర్ 1800 ఐఎస్‌జెడ్‌లోనూ ఉన్నది ఇసుజు పెట్రోలు ఇంజనే. ఆ అక్షరాల వెనక ఎవరున్నారో తెలియకుండానే ఎందరో ఆ అంబాసిడర్లలో తిరిగారు. కంపెనీ సొంత పేరుతో 2012లో ఇసుజు మోటార్స్ ఇండియాను చెన్నై కేంద్రంగా నెలకొల్పింది. ఫ్యాక్టరీ కట్టేలోగా తిరువళ్లూరులోని హిందుస్థాన్ మోటార్స్ కర్మాగారంలో ఒప్పందం మీద బండ్లు తయారు చేయించుకుంది. పాత సంబంధం అలా మళ్లీ అక్కరకొచ్చింది.

తడకు ఆనుకుని, తమిళనాడు సరిహద్దులో ఉన్న శ్రీసిటీలో 107 ఎకరాల్లో సొంత కర్మాగారానికి 2014లో భూమిపూజ జరిగింది. ఆ ప్రాంతం అప్పట్లో చిత్తూరు జిల్లాలో ఉండేది. 2016 ఏప్రిల్ 27న ముఖ్యమంత్రి నారా చంద్రబాబు నాయుడు దీన్ని ప్రారంభించారు. ఏటా 50,000 బండ్ల సామర్థ్యంతో మొదలుపెట్టి, దాన్ని 1,20,000కు పెంచాలన్నది ప్రణాళిక. ఇక్కడినుంచి బయటికొచ్చిన మొదటి బండి వి-క్రాస్. చెన్నై ఎక్స్‌షోరూం ధర 12.49 లక్షలుగా ప్రకటించారు. రాజమహేంద్రవరం మీదుగా సాగే 16వ నంబరు జాతీయ రహదారే తడ గుండా కూడా పోతుంది కాబట్టి, గోదావరి వంతెన నుంచి ఫ్యాక్టరీ దాకా ఐదువందల కిలోమీటర్లకు పైబడిన ప్రయాణం ఒకే రోడ్డు మీద జరిగిపోతుంది.

ఇంజన్, చట్రం

2016 నాటి వి-క్రాస్‌లో ఉన్నది 2,499 సీసీ, నాలుగు సిలిండర్ల టర్బో డీజిల్ ఇంజన్. శక్తి 136 పీఎస్, టార్క్ 320 న్యూటన్ మీటర్లు, గేర్లు ఐదు. ఈ వివరాల్లో అసలైన అంకె వేరే ఉంది. ఆ 320 న్యూటన్ మీటర్లు 1,800 ఆర్‌పీఎం దగ్గరే మొదలై 2,800 దాకా నిలబడతాయి. అంటే యాక్సిలరేటర్ తొక్కి ఇంజన్‌ను అరిపించనక్కర్లేదు, కాలు కాస్త ఆనిస్తే చాలు బండి లాగుతుంది. బురదలో అరుపు ఎక్కువైతే చక్రం గిర్రున తిరిగి ఉన్నచోటే గొయ్యి తవ్వుకుంటుంది. ట్రాక్టరు తోలేవాడికి ఈ సంగతి ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

బాడీ మొత్తం నిచ్చెన ఆకారపు ఉక్కు చట్రం మీద కూర్చుంటుంది. ఇప్పటి కార్లలో ఎక్కువ వాటికి వేరే చట్రం ఉండదు, బాడీయే చట్రం. బరువు మోసేటప్పుడు, ఒక చక్రం గోతిలోకి మరొకటి గట్టు మీదికి వెళ్లినప్పుడు వచ్చే మెలికను తట్టుకోవడానికి పికప్‌లు పాత పద్ధతినే నమ్ముకున్నాయి. ముందు చక్రాలు రెండూ దేనికది కదిలే కాయిల్ స్ప్రింగుల మీద, వెనక ఇరుసు కమాన్‌పట్టీల మీద ఉంటాయి. తొట్టి ఖాళీగా ఉన్నప్పుడు కమాన్‌పట్టీలు బిగుసుకుని వెనక సీట్లోవాళ్లను ఎగరేస్తాయి, నాలుగు బస్తాలు పడితే మెత్తబడతాయి. ఇది పికప్‌లన్నిటికీ ఉన్న గుణమే. వి-క్రాస్‌లో కొంత తగ్గించారు గానీ పూర్తిగా పోలేదు.

పొడవు 5,295 మిల్లీమీటర్లు, వెడల్పు 1,860, ముందు వెనక ఇరుసుల మధ్య దూరం 3,095. నేలకూ బండికీ మధ్య ఎడం 225 మిల్లీమీటర్లు. బండి బరువు దాదాపు రెండు టన్నులు. తొట్టి పొడవు సుమారు ఒకటిన్నర మీటరే కావడంతో మోటారు సైకిల్ ఎక్కించాలంటే వెనక తలుపు తెరిచి ఉంచాల్సిందే.

నాలుగు చక్రాల పట్టు

మామూలు రోడ్డు మీద ఇంజన్ శక్తి వెనక చక్రాలకే వెళుతుంది. గేరు రాడ్ దగ్గరున్న గుండ్రటి మీటకు మూడు స్థానాలున్నాయి: 2హెచ్ (వెనక చక్రాలే), 4హెచ్ (నాలుగు చక్రాలూ), 4ఎల్ (నాలుగు చక్రాలూ, తక్కువ వేగం). బండి నడుస్తుండగానే 2హెచ్ నుంచి 4హెచ్‌కు మారవచ్చు. 4ఎల్‌కు మారాలంటే బండి ఆపి, గేరు న్యూట్రల్‌లోకి తేవాలి.

ఖాళీ పికప్‌లో బరువు ఎక్కువగా ఇంజన్ ఉన్న ముందు భాగం మీదే పడుతుంది. తిరిగేవి మాత్రం తేలికగా ఉన్న వెనక చక్రాలు. అందుకే వెనక చక్రాలు మాత్రమే తిరిగే పికప్ తడి గడ్డి మీద కూడా జారి నిలబడిపోతుంది. 4హెచ్ పెట్టగానే బరువు మోస్తున్న ముందు చక్రాలు కూడా నేలను పట్టుకుంటాయి. తేడా చూడాలంటే సార్వా నాట్ల రోజుల్లో ఏ పుంత దారిలోనైనా తెలుస్తుంది. 4ఎల్‌లో మరో గేరు జత అడ్డుపడి వేగాన్ని సగానికన్నా తక్కువకు దించి, చక్రాల దగ్గర టార్క్‌ను రెండింతలకు పైగా పెంచుతుంది.

ఈ ఏర్పాటులో ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య వేగాల తేడాను సర్దే డిఫరెన్షియల్ లేదు. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు ఎక్కువ దూరం, వెనకవి తక్కువ దూరం తిరగాలి. బురదలోనైతే చక్రం కాస్త జారి ఆ తేడాను సర్దుకుంటుంది. పొడి తారు రోడ్డు మీద జారే వీలు లేక ఆ ఒత్తిడంతా గేర్ల మీద పడుతుంది. 4హెచ్‌ను పొడిగా ఉన్న గట్టి రోడ్డు మీద వాడకూడదనే హెచ్చరికకు కారణం ఇదే. కొత్తగా కొన్నవాళ్లు ఎక్కువగా మరిచిపోయేది కూడా దీన్నే.

ఒకే ఇరుసు మీద ఒక చక్రం గాల్లో తేలితే శక్తంతా ఆ తేలిన చక్రానికే పోవడం ఇంకో చిక్కు. ఖాళీగా తిరిగే చక్రానికి బ్రేకు వేసి, శక్తిని రెండోదానికి మళ్లించే ట్రాక్షన్ కంట్రోల్ తర్వాతి మోడళ్లలో చేరింది. దిగుడులో వేగాన్ని అదుపులో ఉంచే హిల్ డిసెంట్ కంట్రోల్ కూడా అప్పుడే వచ్చింది.

గోదావరి నేలలో

ధవళేశ్వరం దిగువన నేల చదును. ఏటవాలు లేకపోతే నాలుగు చక్రాల బండి ఎందుకన్న ప్రశ్న సహజమే. కానీ డెల్టాలో చిక్కు ఎత్తుపల్లాలది కాదు, నేల మెత్తదనానిది. ఒండ్రు మట్టి తడిస్తే టైరు గాళ్లలోకి ముద్దగా దూరి, గట్టిపడి, టైరును నున్నటి గుండుగా మార్చేస్తుంది. అప్పుడు నాలుగు చక్రాలూ తిరుగుతున్నా లాభం లేదు, నాలుగూ కలిసి జారతాయి. ఇలాంటిచోట ఇంజన్ శక్తి కన్నా, మీట స్థానం కన్నా టైరే ముఖ్యం. రోడ్డు టైర్లతో వచ్చే వి-క్రాస్ ఈ విషయంలో డెల్టాకు సిద్ధంగా రాదు. వెడల్పు గాళ్ల మట్టి టైర్లు వేయించుకోవాలి.

పుంతల్లో మరో బెడద ఉంది. ట్రాక్టరు చక్రాలు రెండువైపులా లోతుగా కోసేయగా మధ్యలో మట్టి మిట్ట మిగులుతుంది. పికప్‌లో బాగా కిందికి దిగి ఉండేది వెనక ఇరుసు డిఫరెన్షియల్ హౌసింగ్. 225 మిల్లీమీటర్ల ఎడం కన్నా మిట్ట ఎత్తయితే హౌసింగ్ దాని మీద ఆనుకుని చక్రాలు పట్టు కోల్పోతాయి. దమ్ము చక్రాలు బిగించిన ట్రాక్టరుతో ఈ బండి పోటీ పడలేదు. అసలు పడాల్సిన పనీ లేదు. భీమవరం, ఉండి, ఆకివీడు ప్రాంతాల చేపల చెరువు గట్ల మీద మేత బస్తాలు మోసే బండికి కావలసింది వాన కురిసిన మర్నాడు గట్టు మీదినుంచి జారి చెరువులో పడకుండా ఉండడం. అంతమేరకు 4హెచ్ సరిపోతుంది. అయితే 5.3 మీటర్ల పొడవున్న బండిని సన్నటి కాలవ గట్టు మీద తిప్పుకోవడం కష్టం. ఏ లాకు దగ్గరో, వంతెన దగ్గరో జాగా దొరికేదాకా ముందుకే పోవాలి. కోనసీమ రోడ్లు ఈ బండి కొలతలను దృష్టిలో పెట్టుకుని వేసినవి కావు.

లంకల దారి వేరు. వేసవిలో నది తగ్గాక తేలే ఇసుక తిన్నెల మీద, ర్యాంపుల దగ్గర టైరు దిగబడుతుంది. టైర్లలో గాలిని మామూలు పీడనం నుంచి 20 పీఎస్ఐ దగ్గరికి దించితే టైరు పరుచుకుని, బరువు ఎక్కువ మేర ఇసుక మీద పడుతుంది. రెండు టన్నుల బండి అయినా తేలుతుంది. రోడ్డెక్కగానే మళ్లీ గాలి కొట్టించుకోవాలి, లేదంటే వేగంలో టైరు వేడెక్కి పాడవుతుంది.

వరద మాటకొస్తే ఏ పికప్‌కూ చోటు లేదు. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు చేరినప్పుడు లంక గ్రామాలకు దారి చూపింది పడవలే. పారే నీరు చక్రం ఎత్తుకు వస్తే బండిని పక్కకు నెట్టేయగలదు, నాలుగు చక్రాల పట్టు ఆ నెట్టుడును ఆపలేదు.

ఈ బండి లక్షణాలన్నీ ఒక్కచోట పనికొచ్చేది ఏజెన్సీలోనే. రంపచోడవరం దాటి మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు సాగే ఘాట్ రోడ్డు తారుదే కాబట్టి అక్కడ 2హెచ్ చాలు. మారేడుమిల్లి దగ్గరి గుడిసె కొండకు వెళ్లే దారి అలాంటిది కాదు. పర్యాటకులను జీపుల్లో అక్కడికి తీసుకెళ్లి బతికే స్థానిక డ్రైవర్లకు ఆ దారి ప్రతి రాయీ తెలుసు. ఎక్కేటప్పుడు 4ఎల్ బలాన్నిస్తుంది. దిగేటప్పుడు దాని విలువ ఇంకా ఎక్కువ: మొదటి గేరులో ఇంజనే బండిని పట్టి ఆపుతుంది, బ్రేకు మీద కాలు పెట్టే అవసరం తగ్గుతుంది, బ్రేకులు వేడెక్కి పట్టు కోల్పోయే ప్రమాదం తప్పుతుంది. వెనక సీట్లో ఎవరూ లేకుండా ఒక్క డ్రైవరే వెళ్లినా ఈ జాగ్రత్త మానకూడదు.

2019 తర్వాత

2019 ఆగస్టులో 1.9 లీటర్ల ఇంజన్, ఆరు గేర్ల ఆటోమేటిక్‌తో జెడ్ ప్రెస్టీజ్ రకం వచ్చింది. మరుసటేడు ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు అమల్లోకి రావడంతో వి-క్రాస్‌లో పాత 2.5 లీటర్ల ఇంజన్ కథ ముగిసింది. ఏడాది విరామం తర్వాత 2021 మేలో వి-క్రాస్ తిరిగొచ్చింది. ఇంజన్ 1,898 సీసీకి తగ్గినా శక్తి 163 పీఎస్‌కు, టార్క్ 360 న్యూటన్ మీటర్లకు పెరిగాయి. సీసీ తగ్గితే బలం తగ్గినట్టేనన్న పాత లెక్క ఇక్కడ పనిచేయలేదు. థాయ్‌లాండ్‌లో మూడో తరం డి-మ్యాక్స్ 2019లోనే వచ్చినా, శ్రీసిటీలో కొత్త ఇంజన్ ఎక్కింది రెండో తరం ఒంటికే.

అదే సమయంలో వెనక చక్రాలు మాత్రమే తిరిగే హైలాండర్ రకాన్ని 16.98 లక్షలకు తెచ్చారు. తారు రోడ్డు దిగని డెల్టా వ్యాపారికి ఇదే లెక్కైన బేరం. సరుకే ముఖ్యమనుకునేవాళ్లు ఎలాగూ అంతకన్నా చవకగా, టన్నుకు మించి మోసే బొలేరో పికప్ వైపే వెళతారు. వి-క్రాస్‌ను సొంత వాహనంగా తెల్ల నంబరు ప్లేటుతో రిజిస్టరు చేసుకునే వీలుంది. సరుకు బండిగా పసుపు ప్లేటు తగిలించుకోనక్కర్లేకపోవడమే చాలామందిని దీని వైపు తిప్పింది.

2022లో టయోటా హైలక్స్ దిగింది. 2.8 లీటర్ల ఇంజన్‌తో 204 పీఎస్, ఆటోమేటిక్ రకంలో 500 న్యూటన్ మీటర్లు. కర్ణాటకలోని బిడదిలో తయారయ్యే ఆ బండి ధర 33.99 లక్షల దగ్గర మొదలైంది. బలంలో వి-క్రాస్‌ను దాటినా, ఆ ధరకు అటూ ఇటూ చూసుకునేవాళ్లే ఎక్కువ. శ్రీసిటీ కర్మాగారం 2025 జనవరిలో లక్షవ వాహనాన్ని బయటికి పంపింది. ఒక్క ఏడాదిలో 50,000 చేయగల చోట లక్షకు చేరడానికి దాదాపు తొమ్మిదేళ్లు పట్టింది.