ముఖానికి సొంత కొవ్వు: చికిత్సకు ముందు తెలుసుకోవలసినవి

పొట్ట లేదా తొడల నుంచి తీసిన కొవ్వును అదే వ్యక్తి ముఖంలో పల్లంగా మారిన చోట్ల నింపే శస్త్రచికిత్సను వైద్యులు ఫ్యాట్ గ్రాఫ్టింగ్ అంటారు. కోల్‌కతాతో సహా దేశంలోని ప్రధాన నగరాలలో ఈ చికిత్స అందుబాటులో ఉంది.

నేపథ్యం: 1893లో జర్మన్ శస్త్రవైద్యుడు గుస్టావ్ నాయ్‌బర్ చేతి నుంచి తీసిన కొవ్వుతో ముఖంపై మచ్చ వల్ల ఏర్పడిన గుంటను పూడ్చారు. 1990వ దశకంలో న్యూయార్క్ సర్జన్ సిడ్నీ కోల్‌మన్ కొవ్వును కొద్దికొద్దిగా, పొరలు పొరలుగా ఎక్కించే పద్ధతికి ప్రాచుర్యం కల్పించారు.

చికిత్సా విధానం: సన్నని గొట్టంతో కొవ్వును బయటకు తీసి, రక్తం, ద్రవాలను వేరు చేసి, ముఖంలోకి ఎక్కిస్తారు. కొత్త చోట రక్తప్రసరణ అందిన కణాలే బతుకుతాయి. మిగిలినవి కొన్ని నెలలలో కరిగిపోతాయి. ఎంత భాగం నిలుస్తుందో ముందుగా కచ్చితంగా చెప్పలేరు. అందువల్ల కొందరికి మళ్లీ చేయవలసి వస్తుంది. బరువు పెరిగితే నింపిన భాగమూ ఉబ్బవచ్చు. ప్రమాదాలలో, వ్యాధుల వల్ల ముఖాకృతి దెబ్బతిన్నవారికి కూడా ఈ చికిత్స ఉపయోగపడుతుంది.

ముప్పు: సొంత కొవ్వు కనుక శరీరం దానిని తిరస్కరించదు. అంతమాత్రాన ప్రమాదం లేదనుకోవడం పొరపాటు. కొవ్వు పొరపాటున రక్తనాళంలోకి ప్రవేశిస్తే కంటిచూపు పోవచ్చు, పక్షవాతం రావచ్చు. ఇటువంటి ఘటనలు అరుదే. కానీ హైలురోనిక్ ఆమ్లపు ఫిల్లర్‌ను కరిగించేందుకు ఎంజైమ్ ఇంజెక్షన్ ఉన్నట్టు, రక్తనాళంలో చిక్కుకున్న కొవ్వును కరిగించే మందు లేదు. కనుబొమల మధ్య, ముక్కు వద్ద ముప్పు అధికం. చూపు మందగించినా, తీవ్రమైన నొప్పి వచ్చినా, మాట తడబడినా క్షణం ఆలస్యం చేయకుండా అత్యవసర వైద్యం పొందాలి.

ఎవరు చేయాలి: కార్యశాలలలోనో యూట్యూబ్‌లోనో చూసి నేర్చుకోవడం సౌందర్య చికిత్సలకు తగిన శిక్షణ కాదని జాతీయ వైద్య కమిషన్ 2022లో స్పష్టం చేసింది. సర్జన్‌కు ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సి.హెచ్. లేదా డి.ఎన్.బి. అర్హత ఉన్నదా, అత్యవసర సదుపాయాలు ఉన్నాయా అన్నది ముందే అడిగి తెలుసుకోవాలి. కోల్‌కతాలో ప్రభుత్వ రంగంలోని ఎస్.ఎస్.కె.ఎం. ఆసుపత్రిలో ప్లాస్టిక్ సర్జరీ విభాగం ఉంది.

ఫిర్యాదులు: ప్రైవేటు ఆసుపత్రుల బిల్లులు, సేవాలోపాలపై 2017 నాటి చట్టం కింద ఏర్పాటైన పశ్చిమ బెంగాల్ క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్ నియంత్రణ కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. వైద్యుని నిర్లక్ష్యంపై ఫిర్యాదులను రాష్ట్ర వైద్య మండలి విచారిస్తుంది. చికిత్సకు ముందు సంతకం చేసిన అంగీకార పత్రం ప్రతిని, బిల్లులను భద్రపరచుకోవడం మంచిది.