అన్నదమ్ముల పంపకములు – దాచిన ధనము

తండ్రి గతించిన పిమ్మట తోబుట్టువుల నడుమ బుట్టు వ్యాజ్యములకు భూమి కొలతలే కారణమని జనులు తలతురు. మాకట్లు తోపదు. పంచవలసినవాడే పాలు గొనువాడు కూడ నగుట యసలు చిక్కు. ఇనుపపెట్టె తాళపుచెవి యొకని మొలను వ్రేలాడుచుండును. తక్కినవారు లెక్క యడుగుదురు. అడుగుటయే తనకు అవమానమని యతడు తలచును.

ఈ చిక్కును మన పూర్వు లెఱుగనివారు కారు. కల్యాణి చాళుక్యుడగు ఆఱవ విక్రమాదిత్యుని (1076–1126) కాలమున విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర యను వ్యాఖ్యను రచించెను. పదుమూడవ శతాబ్దిలో కేతన దానిని తెనుగు చేసెను. తల్లిదండ్రుల యనంతరము కొడుకులు ధనమునే గాక ఋణమును గూడ సమముగా బంచుకొనవలెనని స్మృతి విధించినది. జ్యేష్ఠునికి హెచ్చుపాలు చెప్పు వచనములు శాస్త్రమున నున్నను, లోకము వానిని ఏవగించుకొనుచున్నది గనుక ఆచరింపరాదని విజ్ఞానేశ్వరుడు నిర్ణయించెను. సంస్కరణమంతయు ఓడలపై వచ్చినదని వాదించువారు ఈ భాగము నొకసారి చదువుట మంచిది.

దాచిన ధనమును గూర్చిన చర్చ యింకను రుచికరము. పంపకమైన పిమ్మట ఒకడు దాచినది బయటపడినచో దానిని మరల సమముగా బంచవలెను. అయితే దాచినవాడు దోషియా? ఉమ్మడి సొత్తు తనదియు గదా, తన సొత్తును తాను దాచుకొన్న తప్పేమి? వంగదేశీయుడగు జీమూతవాహను డిది దొంగతనము కాదనెను. విజ్ఞానేశ్వరు డొప్పుకొనలేదు, మీమాంసనుండి యొక దృష్టాంతము దెచ్చెను. యజ్ఞమున మినుములు నిషిద్ధములు. పెసలు దొరకనప్పుడు, పెసలను బోలిన యంశములు మినుములలో నున్నవని వానిని వాడినను, మినుములు వాడిన దోషము పోదు. అట్లే దాచిన సొమ్ములో తన పాలున్నను, తమ్ముని పాలును గూడ దానియందే యున్నది.

వీలునామాలు పెరిగిన పిమ్మట తగవు క్రొత్త వేషము వేసెను. 1870, 1881 నాటి చట్టముల తరువాత 1925లో భారత వారసత్వ చట్టము వచ్చినది. ఎవరి మనస్సు నొవ్వకుండుటకై తండ్రి కొడుకులందఱిని ఎగ్జిక్యూటర్లుగా వ్రాయును. కాని 311వ సెక్షను ననుసరించి, వేఱు నిబంధన లేనియెడల, వీలునామాను కోర్టున రుజువు చేసినవా డొక్కడైనను అందఱి యధికారమును చెలాయింపవచ్చును. రావలసిన బాకీని వదలివేయవచ్చును, ఆస్తి నమ్మవచ్చును. కనీస మిద్దఱు కలిసియే చేయవలెనని తండ్రి యొక్క పంక్తి వ్రాసినచో ఈ యధికార మొంటరివానికి జిక్కదు. ప్రొబేటు పొందిన ఆఱు మాసములలో ఆస్తిపట్టికను, సంవత్సరములోపల జమాఖర్చులను కోర్టున దాఖలు చేయవలెనని 317వ సెక్షను విధించును. అన్న నోరార చెప్పిన లెక్క యిచట చెల్లదు.

ఆడుబిడ్డల మాట యొకటి మిగిలినది. 1986 నాటి ఆంధ్రప్రదేశ్ సవరణచట్టము పెండ్లికాని కుమార్తెలను, 2005 నాటి కేంద్రచట్టము కుమార్తెలందఱిని, ఉమ్మడి యాస్తిలో కొడుకులతో సమభాగినులను జేసినవి. అయినను పలు గృహములలో సోదరి యెదుటికి మొదట వచ్చు కాగితము ఆస్తిపట్టిక కాదు; హక్కు వదలుకొను దస్తావేజు. పట్టిక యేదని యామె యడిగినచో, పసుపుకుంకుమల క్రింద నిచ్చినది చాలదా యని అన్న కోపించును. ఇచ్చిన దెంతయో దానిని గూడ ఆ పట్టికలోనే చేర్పవచ్చును గదా!