తాతా మనవళ్లు ఆగిపోయిన గేటు

కరోనా కాలం కూడా ఇప్పుడు చరిత్రే. అందుకే రాస్తున్నాను.

2020 మార్చిలో ప్యాసింజర్ రైళ్లు ఆగిపోయాయి. తర్వాత స్పెషల్ రైళ్లు వేసినా, జనరల్ బోగీకి కూడా రిజర్వేషన్ పెట్టారు. జూన్ 23న పూరీ రథయాత్రలో ఒక్కో రథం లాగడానికి 500 మందికి మించకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. జగన్నాథుడి రథానికే లెక్క పెట్టిన రోజులవి.

అక్టోబర్ 15 నుంచి వినోద పార్కులు తెరవవచ్చని కేంద్రం అనుమతి ఇచ్చింది. మాస్కు, ఆరడుగుల దూరం తప్పనిసరి. ఈత కొలనులు బంద్. లోపలి సినిమా హాల్లో సగం సీట్లే. 65 దాటినవాళ్లు, పదేళ్ల లోపు పిల్లలు ఇంట్లోనే ఉండాలని సలహా. పార్కుకి వెళ్లేదే మనవడు, వాడి చెయ్యి పట్టుకున్న తాత. ఇద్దరినీ రావద్దన్నారు! ప్రాణం కోసం చెప్పిన మాటే, తప్పు పట్టలేం.

హైదరాబాద్‌లో రామోజీ ఫిల్మ్ సిటీ 2021 ఫిబ్రవరి 18న మళ్లీ తెరిచారు. రెండు నెలలు తిరగకుండానే రెండో వేవ్ వచ్చింది. మన బరంపురంలో రెండేళ్లకోసారి జరిగే ఠాకురాణి యాత్ర కూడా ఆ ఏడు ఆగి, 2023లో జరిగింది. వేషాలు కట్టే పిల్లలకి నాలుగేళ్ల ఎడబాటు.

పార్కు మళ్లీ తెరుస్తారు, యాత్ర మళ్లీ వస్తుంది. పిల్లల ఆ వయసు మాత్రం తిరిగి రాదు. మీ ఇంట్లో ఆ రోజుల సంగతులు పెద్దవాళ్లని అడిగి రాసి పెట్టండి.