పెంబర్తి ఇత్తడి వయసు చెప్పేదెలా?

పెళ్లి బ్యాండువాళ్ల బాకా మీద 'బూసీ అండ్ హాక్స్' అన్న ముద్ర ఉంటే అది 1930కి ముందుది కాదని చూడగానే చెప్పేయొచ్చు. బూసీ, హాక్స్ అనే రెండు లండన్ కంపెనీలు ఒకటైంది ఆ ఏడాదే. జనగామ జిల్లా పెంబర్తిలో తయారైన పాత మకరతోరణాన్నో పాన్‌దాన్‌నో తిరగేసి చూస్తే ఇలాంటి ముద్ర సాధారణంగా కనబడదు. ఆ ఖాళీని అమ్మకందారు మాట పూరిస్తుంది: 'కాకతీయుల కాలం నాటిదండీ!' చేసినవాడి ముద్ర లేనంత మాత్రాన వస్తువు వయసు కట్టలేమని కాదు. అయితే ఇక్కడ దొరికే ఆధారాలు వస్తువు ఎంత కొత్తదో చెప్పినంత గట్టిగా ఎంత పాతదో చెప్పవు. ఈ తేడా పట్టించుకోకపోవడం వల్లే ఎనిమిది వందల ఏళ్ల లెక్కలు పుడుతున్నాయి.

ఈ ప్రాంతంలో పేరు చెక్కించుకునే హక్కు చేయించినవాడిది. మహబూబాబాద్ జిల్లా బయ్యారం చెరువు శాసనం ఆ చెరువు తవ్వించిన మైలమను, ఆమె సోదరుడు గణపతిదేవుణ్ణి, కాకతీయ వంశక్రమాన్ని చెబుతుంది. గట్టు పోసిన చేతుల ఊసెత్తదు. ఇత్తడిదీ అదే దారి. పెళ్లికి పెట్టిన బిందె మీద పెట్టినవాళ్ల పేరు కొట్టిస్తారు. గుడికిచ్చిన కలశం మీద దాత పేరు, ఊరు ఉంటాయి. ఆ రాతలో కాలం చెప్పే గుర్తులున్నాయి. ఫసలీ సంవత్సరం వేసి ఉంటే అది నిజాం రాజ్యపు లెక్క. 590 కలిపితే మన లెక్కకు దగ్గరవుతుంది. ఫసలీ 1350 అంటే 1940-41. ఖర్చు హాలీ సిక్కాల్లో రాసి ఉంటే ఆ నాణెం చెల్లిన రోజులదని అనుకోవచ్చు. ప్రభవ, విభవ వంటి పేరొక్కటే ఉంటే మాత్రం చిక్కే, అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగొస్తుంది కాబట్టి. పాత వస్తువు మీద కొత్త దాత పేరు కొట్టించి ఉండొచ్చు కదా అంటే, ఉండొచ్చు. ఆ తేదీ ఇచ్చిన రోజుదే గాని చేసిన రోజుది కాదు. అయినా ఆ తేదీ నాటికి వస్తువు ఉందన్నంతవరకు దాని సాక్ష్యం చెల్లుతుంది.

ఇక మిగిలింది లోహం చెప్పే సాక్ష్యం. పెంబర్తి పని ప్రధానంగా రేకు పని. రేకును కాల్చి మెత్తబరిచి, వెనక లక్క పోసి, సుత్తితో, ఉలులతో బొమ్మ తేల్చి, ముక్కలు అతుకుతారు. ముద్దను సాగగొట్టి తీసిన రేకు మందం చోటుచోటుకీ మారుతుంది. మిల్లు రేకు ఒకే తీరున ఉంటుంది. 19వ శతాబ్దం రెండో సగంలో ఐరోపా మిల్లు రేకు మన దేశపు కంచరి బజార్లలోకి విరివిగా దిగింది. 1874లో వాడి జంక్షన్ నుంచి హైదరాబాదు చేరిన నిజాం రైలు 1889 నాటికి జనగామ, మహబూబాబాద్‌ల మీదుగా బెజవాడ దాకా సాగింది. బరువైన సరుకు ఈ ఊళ్లకు చేరే దారి అలా సులువైంది. కనుక ఒళ్లంతా మిల్లు రేకుతో ఉన్న దేవుడి వాహనం తొడుగును కాకతీయులకు అంటగట్టడం కుదరదు. గ్యాస్ వెల్డింగు అతుకు ఉంటే అది ఇరవయ్యో శతాబ్దపు పనే. మరమ్మతులో కొత్త రేకు పడి ఉండొచ్చన్నది న్యాయమైన అభ్యంతరమే. అందుకే అతుకు వేసిన చోటు కాక, బొమ్మ తేలిన అసలు రేకునే చూడాలి. మరో మాట: మందం మారుతున్నంత మాత్రాన వస్తువు పాతది కాదు. మిల్లు రేకైనా సుత్తి దెబ్బలకు చోటుచోటుకీ పలచబడుతుంది. కొత్త గుర్తు ఉంటే వస్తువు కొత్తదని తేలుతుంది; పాత పద్ధతి కనబడితే పాతదని తేలదు, ఎందుకంటే ఆ పద్ధతి ఇవాళా బతికే ఉంది.

మరి తరతరాలుగా చెప్పుకుంటున్న కాకతీయుల ఆదరణ అబద్ధమా? కానక్కరలేదు. 1213లో రామప్ప గుడి కట్టించిన సీమలో, గణపురం కోటగుళ్లు లేచిన సీమలో దేవుడి పనికి లోహకారులు లేరనడం అసంభవం. కాని రాయి నిలిచినట్టు ఇత్తడి నిలవదు. సొట్టపడితే తూకానికి వెళ్లి, కరిగి, మరో రూపెత్తుతుంది. లోహమే మళ్లీ మళ్లీ కరిగే చోట విద్య వయసు వేరు, వస్తువు వయసు వేరు. మొదటిదాన్ని చూపించి రెండోదానికి ధర కట్టడమే తప్పు. ఉమ్మడి రాష్ట్రంలోనే పెంబర్తి లోహకళకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది ఊరికి దక్కిన గుర్తు. ఏ చేయి, ఏ ఏడు అన్నది చెప్పదు. అడుగున పేరూ సంవత్సరమూ కొట్టడానికి నాలుగు ఉలి దెబ్బలు చాలు. ఆ అలవాటు స్థిరపడితే రేపటి కొనుగోలుదారు అమ్మేవాడి మాట మీద ఆధారపడక్కరలేదు, చేసినవాడి పేరు కూడా దాత పేరు పక్కన నిలుస్తుంది.