ఎర్ర జెండా నుంచి ఎర్ర త్రికోణం దాకా

జనవరి రహదారి భద్రతా మాసం. సంక్రాంతి ప్రయాణాలతో 65వ నంబరు జాతీయ రహదారి కిక్కిరిసేదీ, తెల్లవారుజామున చౌటుప్పల్ నుంచి నందిగామ దాకా పొగమంచు కమ్మేదీ ఈ రోజుల్లోనే. డాష్‌బోర్డు మీద ఎర్ర త్రికోణం గుర్తున్న మీట గురించి, దాన్ని నొక్కగానే నాలుగు మూలలా వెలిగి ఆరే హజార్డ్ లైట్ల గురించి చెప్పుకోవడానికి ఇదే అదను.

దారిన పోయేవాళ్లను హెచ్చరించాలన్న ఆలోచన మోటారు కారు కంటే పాతది. రాత్రిపూట ఎడ్లబండి కింద లాంతరు వేలాడేది. బ్రిటన్‌లో 1865 నాటి చట్టం ప్రకారం ఆవిరి బండికి 60 గజాల ముందు ఒక మనిషి ఎర్ర జెండా పట్టుకుని నడవాలి. కార్లొచ్చాక ఆ పని డ్రైవరు చేతి మీద పడింది. కిటికీలోంచి చెయ్యి చాపడమే సిగ్నల్.

ఆ చేతికి బదులు యంత్రం పెట్టాలనుకున్న తొలివాళ్లలో ఒక సినిమా నటి ఉంది. ఫ్లోరెన్స్ లారెన్స్ కెనడాలోని హామిల్టన్‌లో పుట్టింది. మూకీల తొలినాళ్లలో తెర మీద నటుల పేర్లు వేసేవారు కాదు. అందుకే జనం ఆమెను కంపెనీ పేరుతో ‘బయోగ్రాఫ్ గర్ల్’ అని పిలుచుకున్నారు. 1910లో ఆమె ప్రమాదంలో చనిపోయిందని పుకారు పుట్టింది. నిర్మాత కార్ల్ లెమ్లీ అది అబద్ధమని పత్రికల్లో ప్రకటన వేసి, ఆమెను సెయింట్ లూయిస్‌లో జనం ముందు నిలబెట్టాడు. అమెరికా తొలి సినిమా తారగా ఆమెను చెప్పుకునేది అందుకే. ఆమెకు కార్లంటే ప్రాణం. 1914లో తన కారుకు ఒక ఏర్పాటు చేసుకుంది. మీట నొక్కితే వెనక ఒక చెయ్యి లేచి, ఎటు తిరగబోతోందో చూపిస్తుంది. బ్రేకు తొక్కితే ‘స్టాప్’ అన్న పలక లేస్తుంది. దేనికీ పేటెంటు తీసుకోలేదు. 1938 డిసెంబరులో ఆమె కన్నుమూసింది. ఆ రోజుల్లోనే బ్యూక్ కంపెనీ 1939 మోడల్ కార్లకు వెలిగి ఆరే ఇండికేటర్లు వచ్చాయి. ఆమె సమాధి మీద 1991 దాకా పేరు కూడా లేదు. తన వెనక వచ్చేవాళ్ల క్షేమం కోసం ఇంత ఆలోచించిన మనిషికి ఈ మరుపు న్యాయం కాదు.

ఇండికేటర్లు వచ్చాక నాలుగింటినీ కలిపి వెలిగించడం పెద్ద పని కాలేదు. 1960ల చివరికి అమెరికాలో హజార్డ్ లైట్లు తప్పనిసరి అయ్యాయి. బండి కదల్లేని స్థితిలో ఉన్నప్పుడు ఇండికేటర్లన్నీ కలిసి వెలగాలని మన కేంద్ర మోటారు వాహనాల నిబంధనలూ చెబుతాయి. అయినా చెడిపోయిన లారీ వెనక రాళ్లూ చెట్టుకొమ్మలూ పేర్చడం మన రోడ్ల మీద ఇంకా పోలేదు.

హజార్డ్ లైట్ల వాడకం మాత్రం ఊరికో రకం. జపాన్‌లో దారిచ్చినవాళ్లకు కృతజ్ఞతగా వీటిని ఒకటి రెండుసార్లు వెలిగిస్తారు. మన దగ్గర కూడలిలో నేరుగా వెళ్తున్నామని చెప్పడానికి వేస్తారు. అది ప్రమాదకరం. పక్కనుంచి చూసేవాడికి ఒక వైపు దీపాలే కనిపిస్తాయి, మనం అటు తిరుగుతున్నామనుకుంటాడు. వానలో హజార్డ్ వేసుకుని నడిపితే వరస మారేటప్పుడు ఇండికేటర్ వేసినా ఎవరికీ అర్థం కాదు. ఆగిన బండేదో, నడిచే బండేదో కూడా తెలియదు. ఆగిపోయినప్పుడే వీటికి అర్థముంది.

పనిచేయకపోతే కారణం పట్టుకోవడం కష్టమేమీ కాదు. హజార్డ్‌కూ ఇండికేటర్లకూ బల్బులు అవే. రెండూ వెలగకపోతే ముందు ఫ్యూజు, తర్వాత దీపాలను వెలిగించి ఆర్పే ఫ్లాషర్ రిలే చూడాలి. ఇండికేటర్లు బాగుండి హజార్డ్ ఒక్కటే రాకపోతే అనుమానం మీట మీదికి, దాని ఫ్యూజు మీదికి పోవాలి. ఒక వైపు ఇండికేటర్ హడావిడిగా కొట్టుకుంటుంటే అటు బల్బు మాడి ఉంటుంది. పాత బల్బులు తీసి ఎల్‌ఈడీలు వేయించి, రిలే మార్చకపోయినా అలాగే కొట్టుకుంటుంది. వెనక దీపంలోకి వాన నీరు చేరితే ఎర్త్ తీగ తుప్పు పట్టి వెలుగు మసకబారుతుంది. తాళంచెవి తీసేసినా హజార్డ్ లైట్లు వెలుగుతాయి, అందుకే గంటల తరబడి వదిలేస్తే బ్యాటరీ దిగిపోతుంది.

బయల్దేరే ముందు మీట నొక్కి కిందికి దిగండి. కారు చుట్టూ తిరిగి అన్ని దీపాలూ చూడండి. ఒక్కటి వెలగకపోయినా బాగు చేయించాకే హైవే ఎక్కండి.